వార్తలు చదివే అబ్బాయికి వార్త ఎందుకు అర్థం కాలేదు?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతికి తెలుగు చెబుతున్నాను. తరగతిలో 42 మంది ఉన్నారు. ఎనిమిది మందికి గుణింతాలు, ఒత్తులు కూడా సరిగా రావు. మిగతావాళ్లు పైకి బాగానే చదువుతారు, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులూ రాస్తారు. కానీ చదివింది ఏమిటో చెప్పమంటే నోరు మెదపరు. మా బడిలో ప్రార్థన వేళ రోజూ వార్తలు చదివే అబ్బాయి ఒకడున్నాడు. ఒక్క తప్పు లేకుండా గలగలా చదువుతాడు. మొన్న చదివి వెళ్తుంటే ఆపి, మొదటి వార్త దేని గురించి అని అడిగాను. తల దించుకుని నిలబడ్డాడు. అపరిచిత గద్యం ఇస్తే ‘ఎవరు’, ‘ఎక్కడ’ అన్న ప్రశ్నలకు రాస్తారు, ‘ఎందుకు’ అని ఉంటే వదిలేస్తారు. నాలుగైదుసార్లు చదివిస్తే అదే వస్తుందని తోటి ఉపాధ్యాయులు అన్నారు. చదివించాను, రాలేదు. నలభై నిమిషాల పీరియడ్‌లో, సిలబస్ ఆగకుండా నేను ఏం చేయగలను? ఏడో తరగతికి వచ్చాక ఆలస్యం అయిపోయినట్టేనా?

— ఒక తెలుగు ఉపాధ్యాయిని

జవాబు:

అమ్మా,

ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు. ఆలస్యం కాలేదు. మీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. దానికి ఆధారం ఉంది, కొంచెం ఆగి చెబుతాను.

తప్పు లేకుండా వార్తలు చదివిన పిల్లవాణ్ని సాధారణంగా భుజం తట్టి తరగతికి పంపేస్తాం. మీరు ఆపి, ఏం చదివావని అడిగారు. అలా అడిగినవాళ్లు తక్కువ. మన దగ్గర ‘చదువు రాదు’ అంటే ‘అక్షరాలు రావు’ అన్న అర్థమే స్థిరపడిపోయింది. పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని గ్రామాల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 48.8 శాతం. బాధపడవలసిన అంకె అది. కానీ చదవడం విషయంలో ఆ సర్వే చూసేది పైకి చదవగలరా లేదా అన్నదే. మీ వార్తల అబ్బాయి ఆ లెక్కలో ‘చదవగలిగినవాడు’. చదవగలిగీ అర్థం చేసుకోలేని ఇలాంటి పిల్లలు ఏ లెక్కలోనూ కనబడరు. ఎవరికీ ఇబ్బంది కలిగించకుండా తరగతులు దాటుతూ వస్తారు. ఒకరోజు భౌతికశాస్త్రం పాఠం ముందు కూర్చుని, తమకు తెలివి లేదని తామే తీర్మానించుకుంటారు. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టినది ఈ తీర్మానమే.

పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు రాస్తున్నారు కదా, మరి అర్థం కాకుండా ఎలా రాస్తున్నారని మీకు అనిపించి ఉంటుంది. ఈ వాక్యం చూడండి: ‘చిందరి తోలకుడు పొద్దుటే సోమిరంలో గుబికాడు.’ ఇందులో ‘పొద్దుటే’ తప్ప మిగతా మాటలన్నీ నేను కల్పించినవి, వాటికి అర్థమే లేదు. ఇప్పుడు ప్రశ్నలు. ఎవరు గుబికారు? తోలకుడు. ఎక్కడ గుబికాడు? సోమిరంలో. ఎలాంటి తోలకుడు? చిందరి తోలకుడు. ఎప్పుడు? పొద్దుటే. నాలుగు ప్రశ్నలు, నాలుగు సరైన జవాబులు. మీకు గానీ నాకు గానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మీ పిల్లలు చేస్తున్నదీ ఇదే. ప్రశ్నలో ఉన్న మాటను పాఠంలో వెతికి పట్టుకుని, ఆ వాక్యాన్ని దించేస్తారు. ఇది మోసం కాదు, బద్ధకమూ కాదు. మనం అడిగిన ప్రశ్నలకు ఆ మాత్రం చాలని ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్నారు. ‘ఎందుకు గుబికాడు?’ అని అడగండి, అక్కడ ఆగిపోతారు. ఈ వాక్యాన్ని ఒకసారి మీ తరగతిలో బోర్డు మీద రాయండి. పిల్లలు నవ్వుతారు. నవ్విన తర్వాత, ‘మనం పాఠాలు కూడా ఇలాగే చదువుతున్నామా?’ అని అడగండి. తమకు ఏం జరుగుతోందో పిల్లలకు తెలియడం చాలా పెద్ద అడుగు.

తోటివాళ్ల సలహా గురించి ఒక్క మాట. మళ్లీ మళ్లీ చదివిస్తే తడబాటు తగ్గుతుంది, వేగం వస్తుంది. కూడబలుక్కుని చదివే పిల్లలకు అది మంచి మందే. మీ వార్తల అబ్బాయికి తడబాటు లేదు కాబట్టి ఆ మందు అతనికి పనిచేయలేదు.

ఇక అసలు సంగతి. పాఠం చదివిస్తాం, ప్రశ్నలు అడుగుతాం, జవాబు రాకపోతే మనమే చెప్పేస్తాం. ఇందులో అర్థం చేసుకోవడం నేర్పినది ఎక్కడ? ప్రశ్న అడగడమంటే అర్థమైందో లేదో పరీక్షించడమే. ఈత రాని పిల్లవాణ్ని బావిలో దింపి, ‘ఈదావా?’ అని గట్టు మీద నుంచి అడిగినట్టు ఉంటుంది. 1970లలో అమెరికాలో డొలోరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు నాలుగో తరగతి గదుల్లో కూర్చుని పఠనం పీరియడ్లను నిమిషాల లెక్కన గమనించారు. 4,469 నిమిషాలు చూస్తే, అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పడానికి వాడినది 20 నిమిషాలు. మిగతా కాలంలో ప్రశ్నలు అడగడం, అభ్యాసాలు రాయించడం వంటివి చాలానే జరిగాయి. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు నా సొంత పీరియడ్లు గుర్తొచ్చాయి. పదిహేనేళ్లపాటు నేనూ అంతే చేశాను. పిల్లల మీద ప్రేమ లేక కాదు, ఇంకో పద్ధతి ఉందని తెలియక.

పని మొదలుపెట్టే ముందు ఎవరికి ఏ ఇబ్బంది ఉందో చూసుకోండి. దీనికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. పది వాక్యాల చిన్న కథ తీసుకుని, ఒక్కొక్క పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మీరే చదివి వినిపించండి. ‘ఏం జరిగిందో నాకు చెప్పు’ అనండి. విన్నప్పుడు అర్థమై, తాను చదివినప్పుడు అర్థం కాకపోతే చిక్కు అక్షరాల దగ్గర ఉంది. విన్నా అర్థం కాకపోతే చిక్కు భాష దగ్గర ఉంది: మాటలు, వాక్యాల అల్లిక, లోకజ్ఞానం. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో దీన్ని ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాన్ని చదవగలగడాన్ని, భాష అర్థం కావడాన్ని హెచ్చిస్తే వచ్చేదే పఠనావగాహన అన్నారు. కూడిక కాదు, గుణకారం. రెంటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే.

మీ ఎనిమిది మందికి మొదటిది సున్నాకు దగ్గరగా ఉంది. వాళ్లకు రోజూ ఓ ఇరవై నిమిషాలు గుణింతాలు, ఒత్తులు, చిన్న చిన్న మాటలు విడిగా నేర్పాలి. దానికి అడ్డదారి లేదు. కానీ ఒక మనవి. వాళ్లను ఆలోచించే పని నుంచి తప్పించకండి. మీరు చదివి వినిపించేటప్పుడు, చర్చ జరిగేటప్పుడు ముందు వరసలో కూర్చోబెట్టండి. అక్షరాలు రాని పిల్లల్లో కథను అందరికంటే బాగా పట్టుకునేవాళ్లను నేను చూశాను.

మిగతా 34 మందితో ఏం చేయాలో చెబుతాను. మొదటి వారం మీరు ప్రశ్నలు అడగవద్దు. మీరు చదువుతూ మీ బుర్రలో ఏం జరుగుతోందో పైకి చెప్పండి. ఇలాంటి చిన్న పేరా ఒకటి బోర్డు మీద రాయండి:

‘తెల్లవారుజామునే లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్లిన రంగమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. దూడను కట్టిన పలుపు గుంజకే వేలాడుతోంది. దూడ తల్లి పక్కన పడుకుని మూతి నాక్కుంటోంది. రంగమ్మ చెంబు గడప మీద బోర్లించి, ఈ పూటకు కాఫీ లేనట్టే అనుకుంది.’

చదువుతూ ఆగుతూ ఇలా మాట్లాడండి: “చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్లిందట. కొట్టంలోకి చెంబు దేనికి? నీళ్లకా? పొద్దుటిపూట, పైగా పశువుల కొట్టం. పాలు పితకడానికి అయి ఉంటుంది. ముందుకు చదివి చూద్దాం. పలుపు గుంజకే వేలాడుతోంది... అంటే దూడ మెడకు లేదన్నమాట. ఎవరైనా విప్పారా, అదే విప్పుకుందా? ఇక్కడ చెప్పలేదు. మూతి నాక్కుంటోంది... దూడ మూతి ఎందుకు నాక్కుంటుంది? ఓహో.” అక్కడ ఆపండి. ఆ ‘ఓహో’ తర్వాతి మాట పిల్లలు చెప్పాలి. దూడ పాలు తాగేసిందని పేరాలో ఎక్కడా రాసి లేదు. అయినా మనకు తెలిసింది. అది ఎలా తెలిసిందన్నదే మీరు నేర్పవలసిన పాఠం.

ఈ పేరానే నేను ఒక తరగతిలో చదివించి, కాఫీ ఎందుకు లేదని అడిగితే ఒక పిల్లవాడు వెంటనే లేచి, ‘కాఫీపొడి అయిపోయింది సార్’ అన్నాడు. వాళ్లింట్లో కాఫీ ఆగేది దానికే కాబోలు. తప్పు అనలేదు. ‘ఏ మాటను బట్టి చెప్పావు?’ అన్నాను. పేరా మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వెతికాడు. దొరకలేదు. పక్కనున్న అమ్మాయి ‘మూతి నాక్కుంటోంది’ దగ్గర వేలు పెట్టింది. వాడు దాన్ని రెండుసార్లు చదువుకుని, ‘అయితే పొడి ఉంది, పాలు లేవు’ అన్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను జవాబు చెప్పేసి ఉంటే ఆ వెలుగు వచ్చేది కాదు.

‘ఏ మాటను బట్టి?’ అన్న ఈ ప్రశ్న ఒక్కటి మీ నాలుక మీద ఉంచుకోండి. సరైన జవాబు వచ్చినా అడగండి, తప్పు వచ్చినా అడగండి. తప్పు వచ్చినప్పుడే అడిగితే, ఆ మాట వినగానే పిల్లలు జవాబు మార్చేస్తారు. నెల తిరిగేసరికి వాళ్లలో వాళ్లు ఒకరినొకరు అడగడం మొదలుపెడతారు.

ఇప్పుడు మన భాషకే ప్రత్యేకమైన ఒక చిక్కు. దీని గురించి ఉపాధ్యాయ శిక్షణల్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. మధ్యలో ‘వచ్చి’, ‘చూసి’ లాంటి అసమాపక క్రియలు గొలుసులా వస్తాయి. కర్తను చెప్పకుండా వదిలేయడం మనకు అలవాటు. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు, ఎదురుగా మనిషి ఉంటాడు. కాగితం మీద పిల్లలు దారి తప్పుతారు. ఈ వాక్యం మీ తరగతికి ఇవ్వండి:

‘బడి నుంచి వచ్చి, సంచి అరుగు మీద పడేసి, అన్నమైనా తినకుండా ఆటకు పరుగెత్తిన కొడుకును వెతుక్కుంటూ వెళ్లిన లక్ష్మి, చెరువు గట్టున కూర్చుని వల అల్లుతున్న తాతను చూసి ఆగింది.’

బడి నుంచి వచ్చింది ఎవరని అడిగితే, చక్కగా చదివే పిల్లలు కూడా కొందరు లక్ష్మి అంటారు. ఆమె పేరు ఒక్కటే ఉంది, చివరి క్రియ ఆమెదే. ఇందులో పది క్రియలు, ముగ్గురు మనుషులు ఉన్నారు. ప్రతి క్రియ కింద గీత గీయించి, దాని కింద ‘ఎవరు?’ రాయించండి. వచ్చి, పడేసి, తినకుండా, పరుగెత్తిన: కొడుకు. వెతుక్కుంటూ, వెళ్లిన: లక్ష్మి. కూర్చుని, అల్లుతున్న: తాత. చూసి, ఆగింది: మళ్లీ లక్ష్మి. తర్వాత దీన్ని చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టమనండి. ‘కొడుకు బడి నుంచి వచ్చాడు. సంచి అరుగు మీద పడేశాడు.’ ఇలా. మర్నాడు ఆ చిన్న వాక్యాలను మళ్లీ ఒకే వాక్యంగా కలపమనండి. విడగొట్టడం, కలపడం రెండూ చేతికి వచ్చిన పిల్లవాడు ఎంత పొడుగు వాక్యానికీ భయపడడు.

క్త్వార్థం (వచ్చి), శత్రర్థకం (వస్తూ), చేదర్థకం (వస్తే) అని మనం వ్యాకరణంలో చెబుతూనే ఉన్నాం. పిల్లలు బిట్లకు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ పేర్ల వల్ల చదివేటప్పుడు ఏం ఉపయోగమో మాత్రం చెప్పలేదు. ‘వచ్చి’ అని ఉంటే సాధారణంగా తర్వాతి పని కూడా ఆ మనిషిదే. ‘వస్తే’ అని ఉంటే మనిషి మారవచ్చు, జాగ్రత్తగా చూడాలి. ‘నాన్న వచ్చి అన్నం తిన్నాడు.’ ‘నాన్న వస్తే అన్నం తిన్నారు.’ రెండో వాక్యంలో తిన్నది ఎవరు? ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాసి పావుగంట మాట్లాడించండి. వ్యాకరణం పీరియడ్, పఠనం పీరియడ్ రెండూ ఒకటే అయిపోతాయి, మీకు సమయమూ కలిసొస్తుంది.

‘తన’, ‘తాను’, ‘వారు’ అన్న మాటల దగ్గర కూడా ఇలాగే ఆగండి. జీవితచరిత్ర పాఠాల్లో ఒకే మనిషిని ఒక వాక్యంలో ఆయన అని, ఇంకో వాక్యంలో వారు అని రాస్తారు. మనకు అది గౌరవమని తెలుసు. కొందరు పిల్లలు మధ్యలో ఇంకెవరో వచ్చారనుకుంటారు. బాణం గీసి చూపిస్తే చాలు.

మాటల అర్థాల విషయంలో మన అలవాటు మారాలి. పాఠం మొదలుపెట్టగానే ఇరవై అర్థాలు నోట్సులో దించుతారు. ‘క్షేమం: కుశలం’. తెలియని మాటకు తెలియని మాట. దీనికి బదులు, ఆ పాఠానికి ప్రాణమైన నాలుగు మాటలు ఎంచుకుని, మూడేసి వాక్యాల్లో వాడి చూపించండి. మిగతావాటిని ముందూ వెనకా చదివి ఊహించనివ్వండి. జాతీయాల దగ్గర మాత్రం తప్పకుండా ఆగాలి. ‘ఆ పూట వాళ్లింట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు’ అన్న వాక్యానికి ఒక అమ్మాయి ‘వాళ్ల పిల్లి చచ్చిపోయింది’ అని రాసింది. ఆ పిల్లకు తెలిసింది గ్యాస్ పొయ్యి మాత్రమే. రాత్రి చల్లారిన కట్టెల పొయ్యిలో వెచ్చదనానికి పిల్లి పడుకుంటుందని, వంటకు పొయ్యి రాజేస్తేనే అది లేస్తుందని, లేవలేదంటే ఆ పూట వంటే కాలేదని ఆమె ఎలా ఊహిస్తుంది? ఆమెకు తెలుగు రాదనడం అన్యాయం. తెలియనిది పొయ్యి. ఇంట్లో లంబాడీ, కోయ, ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వాళ్లను ముందు వాళ్ల భాషలో మాట్లాడుకోనిచ్చి, తర్వాత తెలుగులో చెప్పమనండి.

లోకజ్ఞానం ఎంత పని చేస్తుందో చూపిన ప్రయోగం ఒకటుంది. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు అమెరికాలో మీ పిల్లల వయసు వాళ్లకే బేస్‌బాల్ ఆట గురించిన పేరా ఇచ్చారు. ఆట బాగా తెలిసి చదువులో వెనకబడిన పిల్లలు, చదువు బాగా వచ్చి ఆట తెలియని పిల్లల కంటే బాగా అర్థం చేసుకుని చెప్పారు. మన దగ్గరా అంతే. నాట్ల గురించిన పేరా ఇవ్వండి. నారు పీకడం, కట్టలు కట్టడం, దమ్ము చేయడం చూసిన వెనక బెంచీ పిల్లలు ముందుకొస్తారు. ఓడరేవు పాఠం ఇస్తే సముద్రమే చూడని పిల్లలు అందరూ వెనకబడతారు. కాబట్టి పాఠం ముందు అయిదు నిమిషాలు ఆ విషయం గురించి మాట్లాడించండి, ఒక బొమ్మ చూపించండి. మీ పుస్తకంలో ‘ఆలోచించండి, చెప్పండి’ లాంటి చోట్లు కనబడితే దాటేయకండి. సిలబస్ తొందరలో మనం మొదట వదిలేసేవి అవే.

ఇక ఆలస్యం కాలేదన్న మాటకు ఆధారం. 1984లో ఆనమేరీ పాలింక్సార్, ఆన్ బ్రౌన్ అనే ఇద్దరు ఒక పద్ధతిని ప్రయత్నించి ప్రకటించారు. వాళ్లు తీసుకున్నది ఏడో తరగతి పిల్లలనే. అచ్చం మీ పిల్లల్లాంటివాళ్లు: పైకి చదవగలరు, అర్థం చెప్పలేరు. సుమారు 20 రోజులు పనిచేసేసరికి చెప్పుకోదగ్గ మార్పు వచ్చింది. తర్వాత ఆ పద్ధతిని ఎన్నో దేశాల్లో వాడారు. అందులో ఉన్నవి నాలుగు పనులు. తర్వాత ఏం వస్తుందో ఊహించడం, ప్రశ్న తయారు చేయడం, అర్థం కానిచోట ఆగి విప్పుకోవడం, చదివిన దాన్ని కుదించి చెప్పడం. మొదట ఉపాధ్యాయుడు చేసి చూపిస్తాడు, నెమ్మదిగా పిల్లలు ఆ ఉపాధ్యాయుడి స్థానంలోకి వస్తారు.

మీ తరగతిలో నలుగురేసి లేదా అయిదుగురేసి కూర్చోబెట్టండి. నాలుగు చీటీలు రాయండి: ఊహ, ప్రశ్న, చిక్కుముడి, సారం. పేరా పేరాకూ చీటీలు చేతులు మారాలి. అయిదో పిల్ల ఉంటే ఆమె చదివి వినిపిస్తుంది. మీ ఎనిమిది మందిలో ఒక్కొక్కరినీ ఒక్కొక్క గుంపులో వేయండి, చదివేది మరొకరు కాబట్టి వాళ్లూ అన్ని చీటీలూ తీసుకోగలరు. నాలుగింటిలోకీ చిక్కుముడి చీటీ నాకు ఇష్టం. అది వచ్చిన పిల్ల తనకు అర్థం కాని చోటు ఒకటి తప్పకుండా చూపించాలి. ‘అంతా అర్థమైంది’ అంటే ఒప్పుకోకండి. అర్థం కాలేదని చెబితే తిట్లు తినవలసి వస్తుందని ఏడేళ్లుగా నేర్చుకున్న పిల్లలు వీళ్లు. అర్థం కాని చోటు కనిపెట్టినందుకు మెచ్చుకోవడం మొదటిసారి చూస్తారు. మొదట్లో కష్టమైన మాట చూపించి ఊరుకుంటారు. ‘ఇక్కడ వాడు అంటే ఎవరో తెలియలేదు’ అని ఒకరు అన్నరోజు మీకు పండగే. తాను దారి తప్పానని తనకే తెలిసిన పాఠకుడు ఇంక వెనక్కి వెళ్లి చూసుకోగలడు.

సారం చీటీకి ఒక షరతు పెట్టండి: ఒకే వాక్యం, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు. పుస్తకంలోని వాక్యం చదివితే చెల్లదు. ప్రశ్న చీటీకీ ఒక షరతు: జవాబు పుస్తకంలో ఒకే వాక్యంగా దొరకకూడదు. మీ ‘ఎందుకు’ ప్రశ్నలకు పిల్లలు అలవాటు పడేది ఇక్కడే. ప్రశ్నను తయారు చేసినవాడికి ఇక ప్రశ్నంటే భయం ఉండదు.

మొదటి రెండు వారాలు గోలగా ఉంటుంది. పక్క గది నుంచి ఫిర్యాదు రావచ్చు. ప్రధానోపాధ్యాయుల వారికి ముందే చెప్పి ఉంచండి. ఒక హెచ్చరిక కూడా. ఈ నాలుగు పనులు పనిముట్లు మాత్రమే. ‘ఊహించడం అనగానేమి?’ అని నోట్సు రాయించే దశకు వెళ్లవద్దు. ఒక టర్ము వాడాక చీటీలు తీసేయండి, అలవాటు మిగిలితే చాలు. ఆ తర్వాత వాళ్లకు కావలసింది పుస్తకాలు. మీ బడిలో గ్రంథాలయం బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. చిరిగిపోతాయని భయపడి దాచిన పుస్తకాలకు చెదలు పడుతుంది. చిరిగినా పిల్లల చేతుల్లోనే ఉండనివ్వండి.

సమయం గురించి అడిగారు. పాఠమంతా ఇలా చెప్పడం ఎవరి వల్లా కాదు. ప్రతి పాఠంలో ఒక్క పేరా ఎంచుకోండి, అన్నిటికంటే గట్టి పేరా. దానికి ఒక పీరియడ్ పూర్తిగా ఇవ్వండి. మిగతా పాఠం మామూలుగానే నడవనివ్వండి. ఆ పీరియడ్ ఎక్కడి నుంచి తేవాలంటే, ఒక్కొక్కరితో ఒక్కొక్క పేరా పైకి చదివించే సమయం నుంచి తీయండి. ఒకడు చదువుతుంటే మిగతావాళ్లు వింటున్నారని మనం అనుకుంటాం. వాళ్లు తమ వంతుకు ఏ పేరా వస్తుందో లెక్కపెట్టుకుని దాన్ని లోలోపల వల్లె వేసుకుంటూ ఉంటారు. దానికి బదులు మౌన పఠనం పెట్టండి. చదివే ముందే వెతకవలసిన సంగతి ఒకటి చెప్పండి: ‘ఈ పేరా చివరికి ఆమె మనసు మారింది. ఎక్కడ మారిందో పట్టుకోండి.’ పని ఉన్న మౌనం వేరు, పని లేని మౌనం వేరు.

పరీక్ష గురించి దిగులు వద్దు. ప్రశ్నపత్రంలో ‘అవగాహన, ప్రతిస్పందన’ కింద అడిగేది, అపరిచిత గద్యం కోరేది ఇదే నైపుణ్యాన్ని. గైడు బట్టీ పడితే వచ్చేది పరిచితమైన పాఠం వరకే.

వీలైతే మీ గణితం ఉపాధ్యాయులతో కూడా మాట్లాడండి. ‘రవి దగ్గర 15 మామిడిపండ్లు ఉన్నాయి. ఇవి సీత దగ్గర ఉన్నవాటి కంటే 6 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని ఉన్నాయి?’ అన్న లెక్కకు చాలామంది 21 రాస్తారు. ‘ఎక్కువ’ అన్న మాట కనబడగానే కూడేస్తారు. వాళ్లకు తీసివేత వచ్చు. ‘ఇవి’ అంటే ఎవరివో చూసుకోలేదు, అంతే. మీ గదిలో నేర్చుకున్నది ఆ గదిలోనూ అడిగితే రెట్టింపు బలం.

మీ వార్తల అబ్బాయిని మాత్రం ఆ పని నుంచి తీసేయవద్దు. ఆ రోజు తల దించుకున్నాడంటే వాడికి పట్టింపు ఉంది. వార్తలు అయిదు వద్దు, రెండు చాలని చెప్పండి. ముందురోజు సాయంత్రం పత్రిక వాడి చేతికిచ్చి ఇంటికి పంపండి, రాత్రి ఇంట్లోవాళ్లకు ఆ వార్త చెప్పమనండి. మర్నాడు ప్రార్థనకు పది నిమిషాల ముందు మీ దగ్గరకు వచ్చి, ఆ వార్తను రాత్రి ఇంట్లో ఎలా చెప్పాడో మీకూ అలాగే చెప్పాలి. ఒక మాట దగ్గర ఆగితే, ఆ మాట గురించి ఇద్దరూ మాట్లాడుకోండి. ఆ తర్వాత వేదిక ఎక్కి వార్త చదివి, చివర్లో మూడో తరగతి పిల్లలకు కూడా తెలిసేలా సొంత మాటల్లో రెండు వాక్యాలు చెప్పాలి. మొదటి రోజు ఒక్క వాక్యమే చెప్పినా దిగనివ్వండి. నెల తర్వాత వాడు ఏ వార్త ఎంచుకుంటున్నాడో నాకు రాయండి.